నడిచి చూపించండమ్మా

గోడ మూలన, ఏడడుగుల ఎత్తున
సబ్బుబిళ్లంత తెల్లటి పెట్టె బిగించి
నిచ్చెన దిగాడు జిలానీ.
"నడిచి చూపించండమ్మా" అన్నాడు.

పెళ్లిచూపుల తర్వాత
నన్నెవరూ నడిచి చూపించమనలేదు.
కొంగు దోపుకుని
సోఫా నుంచి వంటింటి గడప దాకా నడిచాను.
మూడో అడుక్కి ఎర్రచుక్క వెలిగింది.
"చూసింది" అన్నాడు,
బిడ్డకి తొలి మాట వచ్చినంత సంబరంగా.

పోయిన నెల పక్కింటి సుందరవల్లి ఇల్లు పగిలింది.
బ్యారన్ల కాలం,
మగవాళ్లంతా ఊరవతల పొగాకు కాల్చుకుంటూ ఉంటారని
దొంగలకీ తెలుసు.
పట్టుచీరలు ముట్టలేదట.
గ్యాస్ బండ, మిక్సీ, ఒక ముక్కుపుడక.
పోతూ పోతూ ఫ్రిజ్‌లో పెరుగు తాగి
గిన్నె కడిగి బోర్లించి మరీ పోయారట.
నాకు ఆ గిన్నె తలుచుకుంటేనే భయం.

ఒకటో జోన్ హాలు.
రెండు, వంటిల్లు.
మూడు, మేడమెట్లు.
"రాత్రిళ్లు ఎవరెవరు ఏడేడ తిరుగుతారో చెప్పండి,
దాన్నిబట్టి ఆపేది ఆపుతా."
ఇదేం ప్రశ్న అబ్బయ్యా,
డాక్టరు కూడా ఇంత లోతుగా అడగలేదు.

మా అత్త రెండింటికి లేచి
చప్పుడు కాకుండా ఫ్రిజ్ తీస్తుంది.
షుగరు మనిషి.
తెల్లారి డబ్బాలో ఒక మలైకాజా తగ్గుతుంది,
నేను లెక్క రానిదానిలా ఉంటాను.
మా మరిది మేడ మీదికి పోతాడు
ఫోను చొక్కాలో దాచి, చెప్పులు చేతిలో పట్టి.
ఆ పిల్లది పామూరు. అంతవరకూ నాకు తెలుసు.
ఇవన్నీ స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషికి చెప్పాలా?

"వంటింట్లో ఎలుకలున్నాయి,
మెట్ల మీద పిల్లి" అన్నాను.
జిలానీ నవ్వలేదు.
ఎలుకలు, పిల్లి అని రాసుకుని
రాత్రికి ఆ రెండు జోన్లూ ఆపేశాడు.
ఇక అత్తా మరిదీ దొంగా
ఒకే దారిన రావచ్చు.

ఫారంలో జిల్లా ఏదన్నాడు.
ప్రకాశమని రాసి, కొట్టేసి,
నెల్లూరని రాసి, మళ్లీ ఆగాను.
కందుకూరు కందుకూరులోనే ఉంది.
మేం పడుకుని లేచేసరికి
గీత మా మీదుగా దాటిపోయింది.
తిరిగొస్తుందనీ అంటున్నారు.
ఏ సైరనూ మోగలేదు.

"ఇంతకీ ఇది చూసేది మనిషినా, నీడనా?"
"వేడినమ్మా. కదిలే వేడిని.
కదలకుండా నిలబడితే దాని లెక్కలో మీరు లేరు.
ఇంకోటి, రోహిణి కార్తెలో తడబడుతుంది.
గోడా మనిషీ ఒకే వేడైపోతే
ఏది ఏదో తెలీదు పాపం దానికి."

ఆ రాత్రి సైరన్ ఆపే ఉంచి
హాల్లో, దానికి ఎదురుగా నిలబడ్డాను,
ఊపిరి కూడా పొదుపుగా వదులుతూ.
చుక్క వెలగలేదు.
పదిహేడేళ్లుగా ఈ పని నాకు బాగా వచ్చు.
మామ కేకలేసినప్పుడు,
వేలంలో మా చెక్కులకి ధర తెగ్గోసిన రోజు
ఆయన పలక్కుండా అన్నం కలుపుతున్నప్పుడు,
ఇలాగే, గోడ వేడికి నా వేడి సరిచేసుకుని.

అక్కడ బ్యారన్ దగ్గర ఆయన
గంటకోసారి టార్చి వేసి
గాజు కిటికీలోంచి థర్మామీటర్ చూస్తుంటాడు.
ఆకు పచ్చన వదిలి పసుపెక్కే వేడి
ఆయనకి డిగ్రీ డిగ్రీ తెలుసు.
ఆకుది.

ముక్కు మీద దోమ వాలింది.
చెయ్యి లేచింది.
టక్కున ఎర్రచుక్క.

వంటింట్లో ఫ్రిజ్ తలుపు సగంలో ఆగింది.
"ఎవరే అది?" అంది అత్త, నోటినిండా తీపితో.
"నేనే" అన్నాను.
చుక్క ఇంకా ఆరలేదు.